ఎండలు మొదలయ్యేసరికి మన సీమలో ఎప్పుడూ చూడని పిట్టలు - మీ వైపు ఏం కనపడ్డాయి?

రేగడి_బీడు
మాది నంద్యాల దగ్గర పల్లె. శనగ కోత అయిపోయాక చేను ఖాళీగా పడుంది. మొన్న పొద్దున అటు పోతే ఒక పిట్ట నేల మీద జోరుగా పరిగెత్తి టక్కున ఆగి, మెడ నిటారుగా ఎత్తి నన్నే చూసి, మళ్ళీ పరిగెత్తింది. పావురం కంటే చిన్నది. కాళ్ళు పొడుగు, తెల్లగా ఉన్నాయి. నడినెత్తి ఇటుక రంగు, కంటి పైన తెల్ల గీత, కన్ను మీదుగా నల్ల గీత. కాస్త దూరంలో ఇంకొకటి ఉంది. మా నాయనకు కూడా దాని పేరు తెలీదు.

ఫోన్‌లో తీసిన ఫోటో ఊరి గ్రూపులో పెట్టాను. ఎవరో కింద "కలివికోడి దొరికింది" అని రాశారు, అదేదో చాలా అరుదైన పిట్టంట. ఆ ఫోటో ఎన్ని గ్రూపులు తిరిగిందో ఏమో, సాయంత్రానికి బండ్లేసుకుని ముక్కూమొహం తెలియని కుర్రాళ్ళు మా చేలోకి దిగారు, ఒకడి చేతిలో ఎయిర్‌గన్! నేనూ మా చిన్నాయనా గట్టిగా అరిచి పంపించేశాం. పిట్ట పేరు తెలుసుకుందామని ఫోటో పెడితే ఇట్లా అవుతుందా? ఇంతకీ అదేం పిట్ట? ఉగాది దాటినప్పటి నుంచి మీ వైపు కూడా కొత్తవి ఏమైనా కనపడుతున్నాయా? మా చెరువు గట్టున కూడా ఏవేవో దిగుతున్నాయి, ఎవరిని అడగాలో తెలీక ఇక్కడ రాస్తున్నా.

లంకమల_గాలి
కలివికోడి కాదు. మీరు చెప్పిన గుర్తులన్నీ ఎర్ర చితవవి, ఇండియన్ కోర్సర్ అంటారు. రెండూ ఒకే కుటుంబం, కానీ బతుకులు వేరు. ఎర్ర చితవ పగటి పిట్ట. కోసేసిన చేలు, బీళ్ళు, గొర్రెలు మేసిన నేల, ఇవే దాని తావు. కలివికోడి రాత్రి పిట్ట. పగలంతా కంపల నీడన కదలకుండా ఉండి, పొద్దుగూకాక బయటికొస్తుంది. దాని రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టీలు, మధ్యలో తెలుపు, గొంతు దగ్గర ఇటుక రంగు మచ్చ, ముక్కు మొదట్లో పసుపు ఉంటాయి. తిరిగి తిరిగి నాకూ వచ్చిన మీ ఫోటోలో రొమ్మంతా ఒకటే రంగు, పట్టీలు లేవు, పొట్ట కింద నలుపు.

తక్కువ పిట్ట అనుకోవద్దు మాత్రం. ఎర్ర చితవ ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ కనపడటం లేదు. జతగా ఉన్నాయంటే ఈ నెలల్లో గుడ్లు పెడతాయి, గూడంటూ కట్టదు, ఒట్టి నేల మీదే పెడుతుంది. కాస్త చూసుకోండి.

పెన్నా_ఒడ్డు
ఎయిర్‌గన్ మాట చదివి ఒళ్ళు మండింది. అన్నా, ఆ ఫోటోలో ఊరి పేరు ఉందా? ఉంటే వెంటనే తీసేయండి.

రేగడి_బీడు
తీసేశాను. కానీ పక్కోళ్ళు ఫార్వర్డ్ చేసినవి ఎట్లా తీయించేది?

టీచరమ్మ_కడప
మా ఇంటి వెనక జామచెట్టు కింద మొన్న తెల్లవారుజామున ఒక పిట్ట పడి ఉంది. అన్ని రంగులు ఒకే పిట్టలో నేనెప్పుడూ చూడలేదు. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం, పొట్ట లేత పసుపు, తోక కింద ఎరుపు, కంటి మీద నల్ల పట్టీ. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. బతికే ఉంది కానీ ఎగరడం లేదు. మా అబ్బాయి నోట్లో నీళ్ళు పోస్తానంటే వద్దన్నాను. అట్టపెట్టెలో పెట్టాం. సాయంత్రానికి లేచి నిలబడింది. ఏమిటిది?

పశువుల_డాక్టర్_ప్రొద్దుటూరు
నవరంగ్, ఇండియన్ పిట్టా. పొన్నంగి అని కూడా అంటారు. మేడమ్, నీళ్ళు పోయనివ్వకుండా మంచి పని చేశారు, పిట్టల నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతాయి. ఇది చలికాలమంతా దక్షిణాదిలో, శ్రీలంకలో ఉండి, ఎండాకాలం మొదట్లో గుడ్లు పెట్టడానికి మధ్య భారతం, హిమాలయాల కింది అడవుల వైపు వెళ్ళిపోతుంది. ప్రయాణం రాత్రిపూట. అలిసిపోయో, అద్దాలకి, గోడలకి తగిలో ఇట్లా పెరట్లో పడిపోతుంది. రక్తం, విరిగిన రెక్క లేకపోతే గాలి ఆడే పెట్టెలో, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచండి. మునిమాపు వేళ చెట్లున్న చోట పెట్టె మూత తీసి దూరంగా వచ్చేయండి. ఫోటోల కోసం చేతిలో పట్టుకోవద్దు, ఆ భయానికే పోతాయి.

టీచరమ్మ_కడప
సాయంత్రం ఆరున్నరకు పెట్టె తీశాం సార్. కాసేపు రాలిన ఆకుల్లో గెంతుతూ పురుగులు ఏరుకుంది. తర్వాత కనపడలేదు. పిల్లి కూడా లేదు ఆ చుట్టుపక్కల, అది చూసుకునే తీశాం.

కోట_గుమ్మం
పెట్టెలో పెట్టిన రోజు టీచరమ్మ గారి పిల్లలు హోంవర్క్ చేసి ఉండరు, అది మాత్రం గ్యారంటీ.

టీచరమ్మ_కడప
నేనూ పేపర్లు దిద్దలేదు లెండి.

హిందూపురం_హరి
మా వైపు వీరాపురం వెళ్ళొచ్చాను, చిలమత్తూరు మండలం. ఈసారి సైబీరియా కొంగలు చింతచెట్ల నిండా ఉన్నాయి. పిల్లలు బాగా పెద్దవయ్యాయి, చెట్టు కింద నిలబడితే మాట వినపడనంత గోల. ఊళ్ళోవాళ్ళు ఒక్క రాయి వేయనివ్వరు. కొంగలొస్తే వానలొస్తాయని వాళ్ళ నమ్మకం.

అనంత_దుర్భిణి
హరీ, అవి సైబీరియావి కావు. ఎర్రకాళ్ళ కొంగలు, పెయింటెడ్ స్టార్క్‌లు. ఇండియా, శ్రీలంక, ఇట్లా మన చుట్టుపక్కల దేశాల్లోనే పుట్టి పెరిగేవి. చేపలున్న చెరువుల్ని వెతుక్కుంటూ తిరుగుతాయి, జనవరి, ఫిబ్రవరిలో వచ్చి పిల్లల్ని చేసుకుని వానాకాలంలో వెళ్ళిపోతాయి.

హిందూపురం_హరి
మా చిన్నప్పటి నుంచీ ఊరూరా సైబీరియా అనే అంటున్నారు అన్నా. పేపర్లో కూడా అట్లే రాస్తారు.

అనంత_దుర్భిణి
పేపర్లో రాసినా కాదు. ఇది పట్టుపట్టి ఎందుకు చెబుతున్నానంటే, సైబీరియా నుంచి వచ్చాయి అనుకుంటే వాటి మంచిచెడ్డలు మన చేతుల్లో లేవనిపిస్తుంది. అవి తిరిగేది చుట్టుపక్కల చెరువులే. ఆ చెరువుల్లో నీళ్ళు, చేపలు ఉంటే గూళ్ళల్లో పిల్లలు బతుకుతాయి. చెరువు ఎండితే తల్లి ఎంత దూరం పోయి తేవాలి? ఎండదెబ్బకి, ఆకలికి పిల్లలు చెట్ల మీద నుంచి కింద పడతాయి. వీరాపురం జనం చేయాల్సిందంతా చేస్తున్నారు, చెరువుల పూడిక, కాలువల సంగతి ఆ ఒక్క ఊరి వల్ల అయ్యేది కాదు.

హిందూపురం_హరి
అది నిజమే. పోయినేడు కింద పడిన పిల్లల్ని ఊళ్ళో కుర్రాళ్ళే ఎత్తి నీడన పెట్టి చేపలు తినిపించడం నేను కళ్ళారా చూశాను.

గొర్రెల_దారి
నేను పిట్టలు చూసేవాణ్ణి కాదు, గొర్లోళ్ళ పిల్లాణ్ణి, కళ్యాణదుర్గం పక్క. కానీ మీ మాటలు చదివాక ఒకటి చెప్పాలనిపించింది. మా గుట్టల కింద ఒక చిన్న కుంట ఉంది, ఎండాకాలం అందులో మాత్రమే నీళ్ళు. పొద్దు బాగా పైకెక్కాక, గొర్రెల్ని తోలుకొచ్చే వేళకి, ఎక్కడి నుంచో జంటలు జంటలుగా పొలంకలనే పిట్టలు వస్తాయి. "కుట్ రో, కుట్ రో" అన్నట్టు అరుస్తూ పైన తిరిగి దిగుతాయి, గబగబా తాగి లేచిపోతాయి. కొన్ని మాత్రం తాగాక వెంటనే పోవు. నీళ్ళలో పొట్ట ఆనించి కూర్చుని అటూ ఇటూ ఊగుతాయి. మా నాయన వాటిని చూసి చల్లదనానికి కూర్చుంటాయి అంటాడు. నిజమేనా?

లంకమల_గాలి
తమ్ముడూ, నువ్వు రాసింది చదివి నాకు చాలా సంతోషమైంది. అవి చెస్ట్‌నట్ బెల్లీడ్ శాండ్‌గ్రౌస్. పొట్ట ఆనించేవి మగవి. వాటి పొట్ట ఈకలు నీళ్ళు పీల్చుకుని పట్టి ఉంచేలా ఉంటాయి. తడిపొట్టతో మైళ్ళ దూరం ఎగిరిపోయి నిలబడితే, పిల్లలు వచ్చి ఆ ఈకల్ని నోటితో పిండుకుని తాగుతాయి. పిల్లలు పుట్టిన రోజు నుంచే గింజలు ఏరుకుంటాయి కానీ నీళ్ళ దగ్గరికి ఎగిరి రాలేవు కదా. అందుకని తండ్రి మోసుకెళ్ళాలి. ఇది పెద్దపెద్ద శాస్త్రవేత్తలు చాలాకాలం నమ్మని సంగతి. నీ కుంట దగ్గర కూర్చుంటే కళ్ళతో చూడొచ్చు.

గొర్రెల_దారి
పిల్లల కోసమా!! రేపే మా నాయనకు చెబుతా.

గొర్రెల_దారి
ఇంకొకటి. చీకటి పడ్డాక ఇంకో రకం వస్తాయి అదే కుంటకి, కాస్త చిన్నవి, చప్పుడు తక్కువ.

లంకమల_గాలి
అవి పెయింటెడ్ శాండ్‌గ్రౌస్ అయ్యుంటాయి. రాళ్ళగుట్టల్లో ఉంటాయి, మునిమాపు దాటాకే నీళ్ళకొస్తాయి. ఒకే కుంటకి రెండు రకాలు రెండు వేళల్లో వస్తున్నాయంటే ఆ కుంటని కాపాడుకోవాలి. వలలు వేసేవాళ్ళు కూడా సరిగ్గా అట్లాంటి చోటే చూసుకుంటారు. కుంట పేరు ఇక్కడ రాయవద్దు.

గొర్రెల_దారి
రాయను అన్నా. వల వేసేవాళ్ళు ఒకసారి వచ్చారు, మా నాయన గొర్రెల్ని మొత్తం కుంట చుట్టూ నిలబెట్టేశాడు. పొద్దంతా అట్లే. విసిగిపోయి వెళ్ళిపోయారు.

పెన్నా_ఒడ్డు
మీ నాయనకు నా దండం చెప్పు.

నల్లమల_నడక
నాకు ఒక విషయం నచ్చడం లేదు. ఊరి పేరు రాయొద్దు, కుంట పేరు రాయొద్దు, ఫోటో తీసేయండి... ఇట్లా అన్నీ దాచుకుంటే రేపు ఆ బీడులో ప్రాజెక్టు కడతామని వచ్చినప్పుడు ఇక్కడ ఫలానా పిట్ట ఉంది అని ఏ ఆధారం చూపిస్తాం? రికార్డు లేని పిట్ట లేనట్టే లెక్క. నేనైతే చూసినవన్నీ ఈబర్డ్‌లో, అదే పిట్టల రికార్డులు ఎక్కించే వెబ్‌సైట్‌లో, చోటుతో సహా పెడతాను. మీరు కూడా పెట్టాలి.

లంకమల_గాలి
ఈబర్డ్‌లో పెట్టడం వేరు, వాట్సాప్‌లో పెట్టడం వేరు. మరీ ప్రమాదంలో ఉన్న కొన్ని జాతుల చోటు ఈబర్డ్ తనే దాచేస్తుంది. మిగతావాటికి కూడా గూడు ఉన్న చోటు పిన్ పెట్టకుండా మండలం మేరకు పెట్టొచ్చు, లేదా పిల్లలు ఎగిరిపోయాక లిస్టు ఎక్కించొచ్చు. రికార్డు ఉంటుంది, గుంపు రాదు.

నల్లమల_నడక
మండలం మేరకు పెడితే కోర్టులో నిలబడదు సార్. ఏ సర్వే నంబరు అని అడుగుతారు.

లంకమల_గాలి
అటవీ శాఖకి, పరిశోధకులకి సర్వే నంబరుతో సహా ఇవ్వండి, ఎవరు కాదన్నారు? కలివికోడి చరిత్రే చూడండి. 1848లో జెర్డాన్ అనే వైద్యుడు లోకానికి చెప్పిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో మన కడప జిల్లాలోనే, రెడ్డిపల్లి దగ్గర, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్ళకి దొరికింది. అది కూడా ఊళ్ళో పిట్టలు పట్టే మనిషి సాయంతో. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం అయ్యింది. 2005లో తెలుగుగంగ కాలువ తవ్వే మిషన్లు ఆ కంపల్లోకి వచ్చినప్పుడు, పిట్ట ఇక్కడే ఉంది అని చూపించగలిగారు కాబట్టే కాలువ దారి మార్చారు. రికార్డు విలువ నాకు తెలుసు. మళ్ళీ ఏళ్ళ తరబడి జాడ లేదు, 2025 ఆగస్టులో కూత రికార్డయింది. అది విన్నవాళ్ళు చోటు బయటపెట్టలేదు. అందువల్లే అక్కడ ఇప్పుడు గుంపులు లేవు.

నల్లమల_నడక
సరే, గూళ్ళ వరకు మీ మాట ఒప్పుకుంటాను. మామూలుగా వచ్చిపోయే పిట్టల సంగతి మాత్రం చోటుతోనే రాయాలి, లేకపోతే ఈ చర్చకే అర్థం లేదు. నా వంతు: గార్గేయపురం చెరువులో తల మీద రెండు నల్లపట్టీలున్న బాతు ఒకటే ఒకటి, బార్ హెడెడ్ గూస్. మిగతావన్నీ టిబెట్, మంగోలియా వైపు ఎప్పుడో వెళ్ళిపోయాయి. ఇది మిగిలిపోయింది.

కర్నూలు_కాలేజీ
దెబ్బ ఏమైనా తగిలిందా దానికి? ఎగురుతోందా?

నల్లమల_నడక
ఎగురుతోంది, ఒక రెక్కలో రెండు మూడు పెద్ద ఈకలు లేవు. ఈకలు వచ్చేదాకా ఆగుతుందేమో అనుకుంటున్నా.

తుంగభద్ర_తీరం
సంగమేశ్వరం వెళ్ళాం గుడి బయటపడిందని. శ్రీశైలం నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. గుడి సరే, తిప్పల మీద చిన్న బూడిద రంగు పిట్టలు, ఎగిరితే వానకోవెలల్లాగా ఉన్నాయి, కూర్చుంటే మట్టిలో కలిసిపోతాయి. వాటితోపాటు పసుపు ముక్కు, నల్ల టోపీ, ఎర్ర కాళ్ళ పిట్టలు నా నెత్తి మీద గీపెడుతూ తిరిగాయి, పొడిచేలా కిందికి దూకాయి.

అనంత_దుర్భిణి
చిన్నవి స్మాల్ ప్రాటింకోల్స్. నెత్తి మీద దూకినవి రివర్ టెర్న్‌లు. వాటి గుడ్లు మీ కాళ్ళ దగ్గర్లోనే ఉన్నాయని అర్థం. నీళ్ళు తగ్గాక బయటపడే ఇసుకలో, మట్టిలోనే రెండూ గుడ్లు పెడతాయి. అట్లా దూకితే వెంటనే వచ్చిన అడుగుల్లోనే వెనక్కి రావాలి. తల్లి లేచిన కొద్ది నిమిషాలకే ఈ ఎండకి గుడ్డు ఉడికిపోతుంది. ఇసుకలో కారు తిప్పి వీడియోలు తీసేవాళ్ళు ఎక్కువైపోయారు అక్కడ, చూస్తేనే బాధగా ఉంటుంది.

తుంగభద్ర_తీరం
వెనక్కే వచ్చేశాం అప్పుడు, భయమేసి. పడవ నడిపే ఆయన కూడా అదే చెప్పాడు, గుడ్లున్నాయి అటు పోవద్దని. వాళ్ళకి అన్నీ తెలుసు.

ఆదోని_అరుగు
చాతక పక్షి! మా ఇంటి ఎదురుగా కంపచెట్టు మీద. నలుపు తెలుపు, తల మీద పిలక. ఇంకా ఏప్రిల్ కూడా పోలేదు, అప్పుడే వచ్చిందంటే ఈసారి వానలు ముందే.

అనంత_దుర్భిణి
పిలక, నలుపు తెలుపు, రెక్క మీద తెల్ల మచ్చ ఉంటే చాతకమే. కానీ వానలతో ఆఫ్రికా నుంచి వచ్చేవి ఎక్కువగా మధ్య, ఉత్తర భారతానికి పోతాయి, అదీ మే ఆఖరు, జూన్‌లో. దక్షిణాదిలో ఏడాదంతా ఉండే చాతకాలు వేరే ఉన్నాయి, కొంచెం చిన్నవి. మీరు చూసింది అదే అయ్యుంటుంది.

ఆదోని_అరుగు
మా అవ్వ చాతకం అరిచిందని విత్తనాలు బయటికి తీసేసింది. ఇప్పుడేం చెప్పాలి?

కోట_గుమ్మం
అవ్వకేం చెప్పొద్దు. విత్తనాలు ఎండబెట్టుకోవడం ఎప్పుడైనా మంచిదే.

అనంత_దుర్భిణి
అరుపు బాగా వినండి, దగ్గర్లో చిన్న వెదురుపిట్టల గుంపు, అదే ఎప్పుడూ ఏడెనిమిది కలిసి గోల చేస్తూ నేల మీద గెంతే బూడిద రంగు పిట్టలు, ఉన్నాయేమో చూడండి. చాతకం ఎక్కువగా గుడ్లు పెట్టేది వాటి గూటిలోనే.

మిడుతూరు_చేను
అందరూ పిట్టల గురించి బాగా రాస్తున్నారు. నాది రోళ్ళపాడు పక్కనే. ఒక మాట చెబితే కోపగించుకోవద్దు. బట్టమేక, అదే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్ అనే పెద్ద పిట్ట, దాని కోసం 1988లో అభయారణ్యం పెట్టారు, 614 హెక్టార్లు. మా చిన్నతనంలో బట్టమేక మనిషి నడుముదాకా ఎత్తుగా చేలల్లో నడుస్తుంటే చూశాం. ఇప్పుడు బట్టమేక లేదు, జింకలు మాత్రం మందలు మందలు. కృష్ణజింక మా శనగ, మా జొన్న తిని పోతుంది. రాత్రిళ్ళు కావలి. అడిగితే అడవి జంతువు, ముట్టుకుంటే కేసు. పరిహారం ఎప్పుడొస్తుందో తెలీదు. పిట్టలు రావాలి అంటే సరే, మేము ఎట్లా బతకాలో కూడా ఎవరైనా రాయండి.

లంకమల_గాలి
కోపం ఎందుకు అన్నా, ఈ చర్చలో అన్నిటికంటే అసలైన మాట మీదే. బట్టమేక పోవడానికి మీరు కారణం కాదు. అది ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది, నేల మీద. చుట్టూ కొర్ర, జొన్న, బీడు గడ్డి ఉన్నంతకాలం దానికి తిండి, మరుగు రెండూ దొరికాయి. కాలువ నీళ్ళు, కొత్త పంటలు, మందులు, కుక్కలు వచ్చాక ఆ 614 హెక్టార్ల కంచె ఒక్కటే మిగిలింది. కంచె లోపల జింకకి చాలు, బట్టమేకకి చాలదు. అది చాలా దూరం తిరిగే పిట్ట. ఇప్పుడు దేశం మొత్తం మీద 150 లోపే మిగిలాయి, అవీ దాదాపు అన్నీ రాజస్థాన్‌లోనే. జింకల నష్టానికి పరిహారం పంట కోతలోపే చేతికొచ్చేలా ఉండాలి. రైతు కడుపు కాలుతుంటే పిట్టని ఎవరు కాపాడతారు?

మిడుతూరు_చేను
ఈ మాట పైవాళ్ళు అంటే బాగుండేది. పోతే, మీకు పనికొచ్చే సంగతి ఒకటి. గడ్డిలో నేల మీద పడుకునే సన్న గద్దలు, చలికాలం సాయంత్రం వందల్లో దిగేవి, అన్నీ వెళ్ళిపోయాయి కానీ ఒక తెల్లటిది నిన్నటిదాకా తిరుగుతోంది.

నల్లమల_నడక
హారియర్! తెల్లగా అంటే మగ పాలిడ్ హారియర్ అయ్యుండొచ్చు. రెక్క చివర నలుపు ఎంత ఉంది అన్నా? సన్నగా ఉందా, వెడల్పుగా ఉందా? రెక్క మీద అడ్డంగా నల్ల గీత కూడా ఉంటే మాంటెగూస్ హారియర్.

మిడుతూరు_చేను
చివర కొంచెమే నలుపు. గీతలేవీ లేవు. ఈసారి కనపడితే మా పిల్లవాడితో ఫోటో తీయిస్తా.

నల్లమల_నడక
అట్లయితే పాలిడే. ఏప్రిల్‌లో ఇంత ఆలస్యంగా ఉందంటే ఫోటో తప్పకుండా కావాలి.

ఉరవకొండ_గాలిమర
బీడు భూములంటే ప్రభుత్వ లెక్కల్లో బంజరు. అందుకే సోలారైనా గాలిమరలైనా ముందు అక్కడికే వస్తాయి. ఓర్వకల్లు వైపు గని, శకునాల దగ్గర 1,000 మెగావాట్ల సోలార్ పార్కు దాదాపు 6,000 ఎకరాల్లో ఉంది. నేను ఇట్లాంటి కంపెనీలోనే పని చేస్తాను, కాబట్టి కరెంటు వద్దు అనను, మా ఊళ్ళో చాలామందికి దీనివల్లే జీతాలు. కానీ ఎర్ర చితవ, పొలంక, బట్టమేక, ఇవన్నీ ఆ బంజరు మీదే బతుకుతాయని నాకు ఈ చర్చ చదివేదాకా ఎవరూ చెప్పలేదు. సర్వేకి వచ్చినవాళ్ళు కూడా చెట్లు లెక్కపెట్టారు, నేల మీద తిరిగే పిట్టల్ని కాదు.

పెన్నా_ఒడ్డు
ఇదీ అసలు సంగతి. చెట్టు కొడితే అందరికీ కనపడుతుంది. గడ్డి పోతే ఎవరికీ కనపడదు.

కర్నూలు_కాలేజీ
కానీ అన్నా, కొత్త లైన్లు వేసే చోట ముందే చెబితే మార్గం మారుస్తారా? తీగలకి తగిలి పిట్టలు చస్తాయని బట్టమేక కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కదా.

ఉరవకొండ_గాలిమర
వెళ్ళింది, 2021లో తీగలు భూమిలోంచి వేయమంది, 2024లో అన్నిచోట్లా కుదరదని సడలించింది. అవి రాజస్థాన్, గుజరాత్ సంగతులు. మన దగ్గర తీగలకి మెరిసే బిళ్ళలు కట్టొచ్చు, దూరం నుంచే పిట్టకి తీగ కనపడుతుంది. కుంటల మీదుగా పోయే లైన్లకైనా కట్టమని మా సైట్‌లో అడుగుతాను. గొర్రెల తమ్ముడూ, నీ కుంట పక్కన లైను పోతోందా? పోతుంటే నాకు విడిగా మెసేజ్ పెట్టు.

గొర్రెల_దారి
పోతోంది అన్నా. పెడతా.

పశువుల_డాక్టర్_ప్రొద్దుటూరు
గండికోట లోయ మీద తెల్ల రాబందులు రెండు చూశాను. పసుపు మొహం, తెల్ల ఒళ్ళు, రెక్కల అంచు నలుపు, తోక కోసుగా. కొండ అంచు వెంట తిరుగుతున్నాయి. పశువుల వైద్యం చేసేవాడిగా నాకు ఇది చాలా పెద్ద విషయం. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు పడిన పశువు కళేబరం తిని రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయి. 2006లో పశువులకి దాన్ని నిషేధించారు, 2023లో కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ కూడా. అయినా మనుషుల మందు తెచ్చి ఎద్దుకి పొడిచేవాళ్ళు ఉన్నారు. నొప్పికి మెలాక్సికామ్ వాడండి, రాబందుకి హాని లేదు. రైతులు ఎవరైనా చదువుతుంటే ఇదొక్కటి గుర్తుంచుకోండి.

మిడుతూరు_చేను
మెలాక్సికామ్. రాసుకున్నా డాక్టర్.

నల్లమల_నడక
గూడు ఉందా సార్? ఇది గూళ్ళ కాలమే కదా.

పశువుల_డాక్టర్_ప్రొద్దుటూరు
ఉంటే మాత్రం ఇక్కడ రాస్తానా? మీరే కదా పైన ఒప్పుకున్నారు.

నల్లమల_నడక
మాట మీదే ఉన్నా సార్. అలవాటు కొద్దీ అడిగేశా.

రేగడి_బీడు
అందరికీ చాలా థాంక్స్. లంకమల అన్న చెప్పినట్టు దూరం నుంచి చూశాను, ఒకటి అదే చోట కూర్చుని లేవడం లేదు, రెండోది చుట్టూ తిరుగుతోంది. చిన్నాయన వేసవి దుక్కి దున్నుదామని ట్రాక్టర్ మాట్లాడాడు. ఎన్నాళ్ళు ఆపాలి?

లంకమల_గాలి
మూడు, నాలుగు వారాలు ఆపగలిగితే మేలు. పిల్లలు పుట్టగానే నడుస్తాయి, గూడు వదిలి తల్లి వెంట పోతాయి. అంత ఆపలేకపోతే ఆ చోట చుట్టూ పది గజాలు వదిలి మిగతా దున్నుకోండి. గుర్తుకి కర్రలు పాతొద్దు, కాకులు, కుక్కలు కర్ర చూసి వస్తాయి. నాలుగైదు రాళ్ళు దూరం దూరంగా పెట్టండి చాలు.

రేగడి_బీడు
చిన్నాయన ఒప్పుకున్నాడు. ఎట్లాగూ వాన పడితే బాగా లేస్తుంది దుక్కి అన్నాడు.

టీచరమ్మ_కడప
మా తొమ్మిదో తరగతి పిల్లలు బైనాక్యులర్ కావాలని అడుగుతున్నారు, నవరంగ్ సంగతి క్లాసులో చెప్పినప్పటి నుంచి. స్కూలు తరఫున ఒకటి కొందామని. ఎలాంటిది తీసుకోవాలి?

అనంత_దుర్భిణి
8×42 తీసుకోండి మేడమ్. 8 అంటే ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో అది, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. ఎక్కువ రెట్లుంటే బాగుంటుందని 20, 30 అని రాసినవి కొనొద్దు, పిల్లల చేతుల్లో వణికిపోతుంది, ఏమీ కనపడదు. మేలో గ్లోబల్ బిగ్ డే వస్తుంది, లోకమంతా ఒకే రోజు పిట్టల్ని లెక్కపెట్టే రోజు, ఆ రోజు పొద్దున చెరువు దగ్గరికి పిల్లల్ని తీసుకురండి, నా దగ్గర ఉన్నవి కూడా తెస్తాను.

టీచరమ్మ_కడప
సెలవుల్లో కదా, ఊళ్ళో ఉన్నవాళ్ళని తీసుకొస్తాను. కడప నుంచి దగ్గరగా ఏ చెరువైతే బాగుంటుంది?

పెన్నా_ఒడ్డు
బ్రహ్మంసాగర్ వెళ్దాం అక్కా, నీళ్ళు ఉంటాయి, నీడ కూడా ఉంటుంది. ఐదున్నరకే బయలుదేరాలి, ఎనిమిది దాటితే పిల్లలు ఎండకి తట్టుకోలేరు. మంచినీళ్ళు, టోపీలు తెచ్చుకోమనండి. బండి నేను మాట్లాడతా.